పై అంకె దించిన మనిషి

ఒక మనిషి మన ఎదురుగా కూర్చుని, "చెప్పెయ్యమంటావా, ఊరుకోమంటావా?" అని అడిగినప్పుడు "నీ ఇష్టం" అన్నవాడు ఏ పక్షాన ఉన్నట్టు? నాలుగేళ్లయింది, నాకింకా జవాబు దొరకలేదు. డెబ్బై ఆరేళ్లు వచ్చాయి కనుక ఇక దొరుకుతుందనే ఆశ కూడా పెద్దగా లేదు. అడిగిన మనిషి గురించి మాత్రం నాకు తెలిసినంత చెప్పగలను.

అతను మా ఆవిడకు తమ్ముడు, నాకు బావమరిది. జనరేటర్ మెకానిక్కు. ఊళ్లో చాలామందికి అతని అసలు పేరు తెలియదు, 'మంచు మామయ్య' అంటేనే తెలుస్తుంది. వయసులో ఉన్నప్పుడు దక్షిణ ధ్రువం వైపు ఒక పరిశోధనా కేంద్రంలో పధ్నాలుగు నెలలు పనిచేసి వచ్చాడు. పరిశోధన చెయ్యడానికి కాదు, అక్కడి మూడు డీజిల్ ఇంజన్లు ఆగిపోకుండా చూసుకోవడానికి. "వాళ్లు మంచు సంగతి తేల్చడానికి వచ్చారు బావా, వాళ్లు మంచైపోకుండా చూడ్డానికి నేను వెళ్లాను" అనేవాడు.

తిరిగొచ్చాక బస్సు డిపో వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. నీళ్ల మోటార్లు, జనరేటర్లు బాగుచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఆ చలికి ఆ ఆలోచన గడ్డకట్టింది, ఇంకా కరగలేదు" అనేవాడు. ఏడాదికొకసారి ఏదో ఒక బడివాళ్లు పిలిచి పెంగ్విన్ల గురించి చెప్పమనేవారు. తాను పెంగ్విన్లను రెండే రెండు సార్లు చూశానని, రెండుసార్లూ కంపు భరించలేక వెనక్కి వచ్చేశానని చెప్పేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. టీచర్లకు అంతగా నచ్చేది కాదు. అయినా మళ్లీ ఏడాది పిలిచేవారు. ధ్రువం చూసొచ్చిన మనిషి ఊరికి ఒక్కడే కదా.

షెడ్డులో గోడకు కేంద్రంలో తీసిన ఫోటో ఒకటి ఉండేది. పదకొండుమంది, అందరికీ గడ్డాలు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఎడమ చివర, చేతిలో రెంచితో ఉన్నవాడు ఇతను. నట్టు బిగించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఒకసారి ఆ ఫోటో వంక చూసి, ఆ తర్వాత ఇతని వంక చూసేవాడు. ఆ రెండో చూపే అతని ఆస్తి. వేరే ఏదీ కూడబెట్టుకోలేదు.

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. తాను ముట్టుకున్న ప్రతి మిషను పక్కనా ఒక అట్టముక్క వేలాడగట్టేవాడు. నెలకోసారి వచ్చి, మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో చూసి, తేదీ వేసి, అంకె రాసి, పొడి సంతకం పెట్టేవాడు. మా ఇంటి నీళ్ల మోటారుకూ ఉంది ఆ అట్ట. పాతికేళ్లలో మూడు అట్టలు నిండాయి. వాటిలో ఒక్క గడి ఖాళీ లేదు.

"మధ్యలో ఆర్నెల్లు నువ్వు కాలు విరిగి మంచాన పడ్డావు కదరా, అప్పటి గడులు ఎవరు నింపారు?" అని ఒకసారి అడిగాను.

"నేనే. పై అంకె కిందికి దించాను."

"చూడకుండానే?"

"మోటారు తిరుగుతోందిగా బావా. తిరుగుతున్నప్పుడు అంకె ఎక్కడికి పోతుంది? మా పనిలో అందరం చేసేదే. జనరేటర్ దగ్గర గంటగంటకీ ఆయిల్ ప్రెషరు, వేడి, వోల్టేజీ రాయాలి. టీకి వెళ్తాం, కునుకు పడుతుంది, ఒక గంట తప్పుతుంది. గడి ఖాళీగా వదిలితే మెకానిక్కు నిద్రపోయాడని అర్థం. పై అంకె దించితే అందరికీ మర్యాద. పైన సంతకం పెట్టే ఇంజినీరుకీ తెలుసు."

"అంటే అబద్ధం రాస్తారు."

"అబద్ధం అనకు. అలవాటు అను."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగేళ్ల కిందట ఊళ్లో ఒక చర్చ లేచింది. మాది రేవు ఊరు. రేవు పక్కన పల్లపు భూమిలో కొత్త ఇళ్లు కట్టనివ్వాలా, లేక అక్కడ కట్టడాలు ఆపి సముద్రపు గోడను ఎత్తు పెంచాలా అన్నది కౌన్సిలు తేల్చాలి. ధ్రువాల దగ్గర మంచు కరుగుతోంది, సముద్రం లేస్తుంది, గోడ పెంచండి అని ఒక పక్షం. ఎక్కడో కరిగే మంచుకు ఇక్కడ ఇళ్లు ఆపడమేమిటని ఇంకో పక్షం. కౌన్సిలు తన తలనొప్పిని గ్రంథాలయానికి తగిలించింది. అక్కడి హాల్లో మూడు బహిరంగ సభలు పెట్టి జనం మాట వినాలన్నారు.

ఆ హాలు నాకు కొట్టిన పిండే. రోజూ పొద్దున్నే పేపర్లు చదవడానికి వెళ్లేవాణ్ణి. నాలుగు ఫ్యాన్లలో రెండు తిరుగుతాయి. కుర్చీలు ఒకదానికొకటి ఇనుప పట్టీతో బిగించి ఉంటాయి, ఒకరు కదిలితే వరసంతా కదలాలి. మొదటి సభనాడు వరసలన్నీ కదులుతూనే ఉన్నాయి.

గోడ పక్షాన మాట్లాడింది కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరరమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. ఇళ్ల పక్షాన ఒక లాయరు. ఆయన కుర్చీలో కూర్చున్న తీరులోనే సగం కేసు గెలిచేవాడు.

"అక్కడ మంచు కరిగితే ఇక్కడ నా గుమ్మానికేంటమ్మా?" అని వెనక వరసలోంచి ఒకాయన అన్నాడు. "మా తాత నాటి నుంచి సముద్రం అక్కడే ఉంది."

"మీ తాతకి చత్వారం, ఆయనకి ఎక్కడున్నా అక్కడే కనిపించేది" అని పక్కాయన అందుకున్నాడు. హాలంతా నవ్వింది.

లెక్చరరమ్మ నవ్వు ఆగేదాకా ఆగి, హాలు గోడ మీద ప్రొజెక్టరుతో బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. అంచుల్లో మంచు పోతున్నచోట్లు, లోపల మంచు కురిసే తీరు మారుతున్నచోట్లు. ఒక బొమ్మ దగ్గర ఆగి, మా వరస వైపు చూసి చిరునవ్వు నవ్వింది.

"ఇది మన ఊరి బొమ్మ. ఈ అంకెలు తెచ్చింది మన మంచు మామయ్యగారే. ఆ ఏడాది కేంద్రం వెనక మంచులో ముప్పై వెదురుకర్రలు పాతారు. పదిరోజులకోసారి వెళ్లి, ఒక్కో కర్ర పైకి ఎంత కనిపిస్తోందో కొలిచేవారు. ఎంత పూడిపోతే అంత మంచు పడినట్టు. చూడండి, ఇక్కడ నెలపాటు గీత కదల్లేదు. ఆ తర్వాత ఒక్క పదిరోజుల్లో ఎలా ఎగిరిందో చూడండి. ఎంత తుఫాను వచ్చుంటుందో ఊహించుకోండి. ఇలాంటి కుదుపులు ఇప్పుడు పెరుగుతున్నాయి. ఏమండీ, మీకు గుర్తుందా ఆ తుఫాను?"

జనమంతా తిరిగి చూశారు. ఆ రెండో చూపు, ఈసారి మూడువందలమందిది.

అతను తల ఊపాడు.

"వచ్చే శనివారం ఆ తుఫాను సంగతి ఆయన నోటనే విందాం" అంది ఆవిడ. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తున్నప్పుడు అతను నాకంటే పదడుగులు ముందు నడిచాడు. సంబరంతో కాలు నిలవడం లేదేమో అనుకున్నాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "నిన్ను స్టేజీ ఎక్కిస్తారటగా, ఆ నూనె మరకల చొక్కాతో వెళ్తే ఊరుకోను" అంది. "సరే అక్కా" అని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చాడు. మా ఆవిడ పక్కింటికి వెళ్లింది. నేను వరండాలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. వచ్చి మోటారు దగ్గరకు వెళ్లకుండా నా ఎదురుగా కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడూ అలా చెయ్యలేదు.

"బావా, ఆ తుఫాను రాలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ గీత కదలకుండా ఉన్న నెల, నేను వెళ్లలేదు. పై అంకెలు దించాను."

పుస్తకం మూసి పక్కన పెట్టాను. అతను నన్ను చూడకుండా, వరండా గచ్చు మీద చూపు నిలిపి చెప్పాడు.

"చలికాలంలో కేంద్రంలో పదకొండుమందిమే. ఎవరి పనితో పాటు వాళ్లకి ఇంకో పని అంటగట్టేవారు. నాకు కర్రలు. కర్ర నుంచి కర్రకి తాడు కట్టి ఉంటుంది, అది పట్టుకునే వెళ్లాలి. సూర్యుడు రాని నెలలు. ఒకసారి పదకొండో కర్ర దగ్గర కొలబద్ద జారితే వంగి తీసుకున్నాను. లేచేసరికి తాడు చేతిలో లేదు. గాలి లేచింది. తాడు మూరెడు దూరంలో ఉంటుంది బావా, ఎక్కడికీ పోదు. కానీ ఏ పక్కన మూరెడో తెలియలేదు. ముప్పావుగంట పాకాను. చివరికి నెత్తికి తగిలింది."

జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"వచ్చాక ఎవరికీ చెప్పలేదు. పదిరోజులకి మళ్లీ వంతు వచ్చింది. బూట్లు వేసుకున్నాను, తలుపు దాకా వెళ్లాను. గొళ్లెం మీద చెయ్యి వేశాను. దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు. ఇంజను గదిలోకి వెళ్లి కూర్చుని ముప్పై అంకెలు దించాను. అలా మూడుసార్లు. తొంభై అంకెలు. నాలుగోసారి వంటాయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, 'పద, నాకూ కాస్త గాలి పీల్చుకోవాలనుంది' అని తోడొచ్చాడు. నడుముకి నడుము తాడు కట్టుకుని వెళ్లాం. ఆ రోజు నిజంగా కొలిచాను. నలభైరోజుల మంచు ఒక్కసారి కనిపించింది. అదే బావా ఆవిడ చెప్పిన తుఫాను."

"మరి మొన్న తల ఎందుకు ఊపావు?"

"అందరూ చూస్తున్నారుగా."

వీధిలో ఒక ఆటో వెళ్లింది. అది మలుపు తిరగకముందే అతను మళ్లీ అందుకున్నాడు.

"రేపు స్టేజీ ఎక్కి ఆ తుఫాను కథ చెప్పడం నా వల్ల కాదు. నిజం చెప్తే ఆ లాయరు ఆవిణ్ణి నంజుకు తింటాడు. చెప్పకపోతే నేను రెండోసారి ఇంజను గదిలో కూర్చున్నట్టే. నాకు పాలుపోవడం లేదు. నువ్వు ఇన్ని పుస్తకాలు చదివావు. చెప్పెయ్యమంటావా, ఊరుకోమంటావా?"

నాకు తోచిన మాట ఒకటుంది. తెల్లారితే సభ, ఇప్పుడే లేచి కాలేజీకి వెళ్దాం, ఆవిడకు చెవిలో వేద్దాం అని. కానీ ఎండగా ఉంది, కాలేజీ దూరం, పైగా ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గరికి నేను మోసుకెళ్లడమేమిటి అనిపించింది. పెద్దమనిషితనం అనుకున్నాను దాన్ని.

"నీ ఇష్టం" అన్నాను.

అతను ఇంకాసేపు కూర్చున్నాడు, ఆ మాట వెనక ఇంకో మాట ఉందేమోనని. లేదని తెలిశాక లేచాడు.

శనివారం మా ఆవిడ ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా వేసుకుని వచ్చాడు. లెక్చరరమ్మ ఆ బొమ్మే మళ్లీ గోడ మీద వేసింది. మైకు అతని ఎత్తుకు దించడానికి కొంతసేపు పట్టింది.

"ఆ తుఫాను రాలేదండి" అన్నాడు. "ఆ నెల నేను బయటికి వెళ్లలేదు. భయపడ్డాను. ముందు రాసిన అంకెలే మళ్లీ రాశాను. తర్వాత వెళ్లి కొలిస్తే అంతా ఒక్కసారి పడినట్టు కనిపించింది. తప్పు నాది. ఈ అమ్మగారికి తెలియదు."

అంతే మాట్లాడాడు. తర్వాత లాయరు లేచాడు. గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం లేదు.

"మామయ్యగారూ, మీ నిజాయితీకి నమస్కారం. నాదొక చిన్న సందేహం. ధ్రువం దాకా వెళ్లినవాళ్లే పొయ్యి పక్కన కూర్చుని అంకెలు రాస్తే, ఆ అంకెలు చూసి మన గోడ ఎన్ని అడుగులు పెంచాలండీ?"

హాలు గొల్లుమంది. వాళ్లలో అతని చేత మోటార్లు బాగుచేయించుకున్నవాళ్లు సగంమంది ఉన్నారు.

లెక్చరరమ్మ మైకు అందుకుంది. ఒక కేంద్రం, ఒక నెల, తొంభై అంకెలు. ఏడాది చివర మొత్తం ఎంత మంచు పడిందన్న లెక్క వీటివల్ల మారదు, చివరికి ఆయన నిజంగానే కొలిచారు కదా. పోయింది ఆ తుఫాను ఒక్కటే, అది తుఫానని అనుకున్నది తనే, ఆయన కాదు. మంచు తగ్గుతోందని ఎన్నో చోట్ల ఎన్నో రకాలుగా కొలిచి చూశారు అని చెప్పింది. ప్రతి మాటా సబబే. అంకెల పక్కన అంకెలు పేర్చుకుంటూ పోయింది. జనం అప్పటికే కుర్చీల్లోంచి లేస్తున్నారు, పట్టీకి బిగించిన కుర్చీలు కనుక మిగతావాళ్లూ లేవాల్సి వచ్చింది. మూడో సభ జరగలేదు. కౌన్సిలు నిర్ణయాన్ని ఆర్నెల్లు వాయిదా వేసింది. ఆ తర్వాత మరో ఆర్నెల్లు. గోడ ఇప్పటికీ అంతే ఎత్తు ఉంది, పల్లంలో పునాదులు మాత్రం లేచాయి.

ఆ రోజు మెట్ల దగ్గర లెక్చరరమ్మ మమ్మల్ని ఆపింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టే ఓపిక ఆవిడకు మిగల్లేదు.

"నిన్న నాకు చెప్పి ఉంటే, గీతలోంచి ఆ మూడు చుక్కలూ నేనే తీసేసేదాన్నండీ. ఎందుకు తీశానో కూడా నేనే చెప్పేదాన్ని. అలాంటివి మాకు మామూలే. మీరు ఇంత మాట పడేవారు కాదు, నాకూ ఇంత తిప్పలు ఉండేది కాదు."

"తోచలేదమ్మా" అన్నాడు అతను.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత షెడ్డుకు వచ్చినవాళ్లు ఊరికే ఉండేవారు కాదు. పగ ఏమీ లేదు, ఎగతాళే. "మామయ్యా, మీటరు చూసి రాశావా, దించావా?" "బిల్లు కూడా పైదే దించుతావా ఏంటి, పోయినసారి తక్కువే." అతను నవ్వేవాడు. రోజుకి పదిమంది ఒకే జోకు వేస్తే పదిసార్లూ నవ్వాలి, అదొక ఉద్యోగం. నేను వెళ్లినప్పుడు గోడ మీద ఫోటో లేదు. అది ఉన్నంతమేర గోడ రంగు కొత్తగా ఉంది. అడగలేదు.

ఒకసారి అతనే అన్నాడు, "ముప్పై ఏళ్లు ఆ అంకెలు నావే అని తిరిగాను బావా. నిజంగా కొలిచినవి వెయ్యి దాకా ఉన్నాయి. ఒక్కరూ వాటి గురించి అడగరు."

"నాలుగురోజులు పోతే మర్చిపోతారు."

"వాళ్లు మర్చిపోతారులే."

మా ఇంటికి రావడం మానేశాడు. ఒక నెల, రెండో నెల, మూడో నెల. మా ఆవిడ ఫోన్ చేస్తే పనుందనేవాడు. "వాడికి మన మీద కోపమా?" అని నన్ను అడిగింది. శుక్రవారం సంగతి ఆవిడకు నేను అప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం వచ్చాడు. సంచీ ఒకటి భుజాన ఉంది. పనిముట్లేమో అనుకున్నాను.

"దారి తెలిసిందా?" అంది మా ఆవిడ.

"బస్సు ఇటే దించింది అక్కా. టీ పెట్టు."

"చక్కెర వేసా, వెయ్యకుండానా?"

"నీ చేతికి ఎంత వస్తే అంత."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. అతను పెరట్లోకి వెళ్లి మోటారు మూత విప్పాడు. నేను వెనకాలే వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను. ఎప్పటిలాగే చెయ్యి పెట్టి వేడి చూశాడు, మీటరు తగిలించి ముల్లు నిలబడేదాకా చూశాడు. అతనితో ఆ మాట అనాలనుకున్నాను. ఆ రోజు కాలేజీకి వెళ్దాం అని నాకు తోచిందిరా, ఎండకు బద్ధకించాను అని.

"గ్రీజు పెట్టాలి దీనికి" అన్నాడు.

"పెట్టు మరి" అన్నాను.

"డబ్బా తేలేదు."

లోపల ఫోన్ మోగింది. వెళ్లి ఎత్తాను. ఎవరో తప్పు నంబరు, అయినా రెండు నిమిషాలు వదల్లేదు. తిరిగి వచ్చేసరికి మోటారు మూత బిగించి ఉంది. పెరటి గేటు దగ్గరకు వేసి ఉంది. అట్టముక్క మేకుకు ఊగుతోంది. చేత్తో ఆపి చూశాను. ఆ రోజు తేదీ, అంకె, పొడి సంతకం. దాని పైన మూడు గడులు. మూడింటిలోనూ తేదీ లేదు, అంకె లేదు. ఊరికే వదిలేశాడు.

మా ఆవిడ రెండు గ్లాసులతో పెరట్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసింది.

"ఏడీ?"

గేటు తీసి సందు చివరిదాకా వెళ్లాను. షెడ్డు తాళాలు ఆ ఉదయమే దాని యజమానికి ఇచ్చేశాడని, ఎక్కడో దూరాన పంపుహౌసులో పనికి కుదిరాడని మాకు వారం తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం సందులో ఎవరూ లేరు. మెయిన్ రోడ్డు మీద బస్సు ఒకటి కదులుతున్న చప్పుడు వినిపించింది.

వెనక్కి వచ్చేసరికి ఆవిడ మోటారు గట్టు మీద కూర్చుని ఉంది. అతని గ్లాసు మీద మూత పెట్టింది, చల్లారకుండా.